నా మీద వాదించడానికి ఒక మంచి లాయరు కావలెను

లూకన్, డబ్లిన్ పడమటి వైపు,
ఐర్లండ్ దేశం.
తేది: 19 ఆగస్టు 2022

గౌరవనీయులైన కార్యదర్శి గారి సముఖమునకు,
జిల్లా న్యాయ సేవాధికార సంస్థ,
గుంటూరు.

అర్జీదారు: వేమూరి జానకిరామ్, స్వస్థలం తెనాలి, ప్రస్తుతం పై చిరునామాలో ఉంటున్నవాడు.

విషయం: తెనాలి కోర్టులో నేను నా భార్య మీద వేసిన విడాకుల కేసులో నా భార్య తరఫున, నాకు వ్యతిరేకంగా వాదించుటకు సమర్థులైన న్యాయవాదిని ఉచితముగా నియమించవలసినదిగా కోరుట గురించి.

అయ్యా,

పై విషయం చదివి ఇందులో ఏదో తిరకాసు ఉందని తమరు అర్జీని పక్కన పడేసే అవకాశం ఉన్నందున ముందుగానే మనవి చేసుకుంటున్నాను. తిరకాసు ఏమీ లేదు. కేసు వేసినవాణ్ణి నేనే. ఓడిపోవాలని కోరుకుంటున్నవాణ్ణీ నేనే. నాకు మతి బాగానే ఉన్నది. లీక్స్‌లిప్ అను ఊరిలో కంప్యూటరు చిప్పులు తయారు చేసే ఫ్యాక్టరీలో ప్రాసెస్ ఇంజనీరుగా పని చేస్తున్నాను. ఫ్యాక్టరీ వారికి నా మీద ఇంతవరకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదంతా నాకే ఉన్నది. దానిని ఈ దిగువ అంశాల వారీగా సమర్పించుకుంటున్నాను.

1. నాకును శ్రీమతి కిరణ్మయికిని 2010వ సంవత్సరంలో తెనాలిలో వివాహం జరిగినది. ఆమె తండ్రి కీర్తిశేషులు తిరుపతయ్య గారు తాలూకాఫీసు ఎదుట చిన్న బల్ల వేసుకుని, వచ్చేపోయేవారికి అర్జీలు రాసి పెట్టేవారు. నాకేమో తెలుగులో నాలుగు ముక్కలు తిన్నగా రాయడం రాదు. మా నాన్నగారి పేరు మీదున్న కరెంటు మీటరు మార్పించుకోవడానికీ, పాసుపుస్తకంలో తప్పు దిద్దించుకోవడానికీ ఇక్కడినుంచి పంపిన ప్రతి అర్జీనీ నా భార్యే రాసింది. నేను సంతకం పెట్టాను. అంశాలకు అంకెలు వేయాలనీ, ఆఫీసరు గారికి ముందు మర్యాద చేసి తర్వాతే ఏడవాలనీ ఆమె చెబితేనే నాకు తెలిసింది. కావున ఈ అర్జీలో తమరికి ఏదైనా పద్ధతి కనిపిస్తే అది ప్రతివాదిదని, తప్పులు కనిపిస్తే అవి పిటిషనరువని దయచేసి గ్రహించవలెను.

2. నా పిటిషన్‌లో ‘ప్రతివాది ఎట్టి కారణము లేకుండా పిటిషనరును విడిచి వెళ్ళిపోయినది’ అని రాయబడి ఉన్నది. ఆ వెళ్ళిపోవడం నా కారులో జరిగింది.

జరిగినది ఏమనగా, నా భార్య తెలుగు ఎం.ఏ. చదివింది. ఇక్కడికి వచ్చాక చాలా ఏళ్ళు నా జీతం మీద, నా వీసా మీద, నా మూడ్ మీద ఆధారపడి లూకన్ ఇంట్లో కూర్చుంది. నేను పని నుంచి వచ్చి పెద్దగా మాట్లాడేవాణ్ణి కాదు. కొట్టలేదు, తిట్టలేదు, తాగలేదు. అడిగినదానికి ‘ఊఁ’ అనేవాణ్ణి. అడగనివాటికి అదీ లేదు. 2020 జనవరిలో నేవన్‌లోని ఒక నర్సింగ్ హోములో వృద్ధులను చూసుకునే ఉద్యోగం ఆమెకు దొరికింది. అక్కడ పెద్ద నర్సుగా ఉన్న దేవమణి గారు మన గుంటూరు వారే. తన ఇంట్లో ఒక గది ఇస్తానన్నారు. లూకన్ నుంచి రోజూ బస్సుల్లో వెళ్ళిరావడం కుదిరే పని కాదు.

“కొన్నాళ్ళు అలా విడిగా ఉండి చూద్దామండీ. మీకూ ఊపిరాడుతుంది, నాకూ ఆడుతుంది” అంది.

నేను ‘ఊఁ’ అన్నాను.

గ్రైండరు నేనే ఎత్తి డిక్కీలో పెట్టాను. మా అమ్మాయి సుధేష్ణ బొమ్మలకు సీటు బెల్టు కూడా నేనే పెట్టాను. నేవన్‌లో దిగాక దేవమణి గారి వంటింట్లో ప్రెస్సు తలుపు ఊడి వేలాడుతూ కనిపించింది. ఇక్కడ గోడ అలమరాను ప్రెస్సు అంటారు. స్క్రూలు బిగించి, తలుపు రెండుసార్లు వేసి తీసి చూసి, టీ తాగి వచ్చాను. విడిచి వెళ్ళిపోయిన భార్యకు అలమరా బాగు చేసి వచ్చే భర్త ఎక్కడైనా ఉంటాడా అని ఏ చిన్న లాయరు అడిగినా నా కేసు అక్కడితో సరి. అడిగే లాయరు లేకపోవడమే ఇందలి ఇబ్బంది.

3. విడిచిపెట్టి రెండేళ్ళు కావాలని చట్టంలో ఉన్నదట. నాకు ఆ రెండేళ్ళు ఎలా కలిసివచ్చాయో కూడా మనవి చేస్తాను. ఆమె నేవన్ వెళ్ళిన కొద్ది వారాలకే కరోనా వచ్చింది. ఇల్లు దాటి ఎక్కువ దూరం పోకూడదని ఇక్కడి ప్రభుత్వం హద్దులు పెట్టింది. నేను చాలా బుద్ధిగా ఆ హద్దుల్లో ఉండిపోయాను. ఆమె పని చేసే చోట ముసలివాళ్ళు వరసగా పోతున్నారు. ఒక రోజు ఫోనులో చెప్పింది, “పొద్దున నాతో తల దువ్వించుకున్న మామ్మ సాయంత్రానికి లేదండీ.” నేను “జాగ్రత్త” అన్నాను. వచ్చి ఉంటే బాగుండునని ఆమె అనలేదు. అనిపించుకోకుండా చూసుకున్నాను. పిల్లలను చూడటానికి తల్లిదండ్రులు ఆ హద్దులు దాటవచ్చని తర్వాత తెలిసింది. ‘తర్వాత తెలిసింది’ అన్న మాట కొట్టివేయవలెను. ఆ రోజే టీవీలో విన్నాను.

కావున ఎవరు ఎవరిని విడిచిపెట్టారన్నది కోర్టువారు విచారించదగిన అంశం.

4. మా ఫ్యాక్టరీలో పట్టిక వేయనిదే ఏ పనీ మొదలుపెట్టము. మార్గాలన్నీ పక్కపక్కన రాసుకుని మంచివాటికి ఆకుపచ్చ, అనుమానం ఉన్నవాటికి పసుపు, ప్రమాదమైనవాటికి ఎరుపు రంగు గళ్ళు వేస్తాము. ఈ అలవాటు ఇంటికి కూడా వచ్చింది. కుక్కరు కొన్నా, పాపను బడిలో వేసినా పట్టికే. “మీరు పట్టిక వెయ్యకుండా చేసింది పెళ్ళొక్కటేనండీ” అని నా భార్య నవ్వేది.

విడాకులకు మాత్రం వేశాను.

క్యాంటీనులో మల్లేశ్ అని నా సహోద్యోగి ఉన్నాడు, కరీంనగర్ మనిషి. అమెరికాలో ఏ రాష్ట్రంలో ఏ చట్టం ఉన్నదో వాళ్ళ చుట్టాల కాపురాల ద్వారా అతనికి తెలుసు. నేను ఊరికే అడిగినట్టు అడిగాను. అతను ఊరికే చెప్పాడు.

“గా ఒక్క దేశంలనే ఎంత తేడా ఉన్నదో చూడన్నా. మా బావమర్ది టెక్సాస్‌ల ఉంటడు. ఆడ పదేండ్ల కాపురం నిండకపోతే పెండ్లాం భరణం అడుగుడే కష్టం. గదే కాలిఫోర్నియాల పదేండ్లు దాటిందనుకో, కోర్టు నిన్ను జల్ది ఇడిచిపెట్టది. మొగుడు గదే, పెండ్లాం గదే. ఇల్లు ఏ రాష్ట్రంల ఉన్నదన్నదాని మీదనే కథంత.”

“మరి ఇక్కడ?” అన్నాను.

“ఈడనా? ఈడ ఒక్కసారి ఇచ్చి చేతులు దులుపుకునే ముచ్చటే లేదన్నా. విడాకులైనంక గూడ, ఆమె మళ్ళ పెండ్లి చేసుకోకుంటే, ఎప్పుడన్నా కోర్టుకు వచ్చి అడగచ్చు. ఎందుకన్నా, ఎవలికి?”

“మా ఫ్రెండుకి” అన్నాను.

ఆ సాయంత్రం పట్టికలో ఐర్లండ్‌కు ఎర్ర గడి వేశాను. అమెరికా రాష్ట్రాలు నాకు సంబంధం లేకపోయినా, పట్టిక నిండుగా కనిపించడానికి వాటిని కూడా చేర్చాను. టెక్సాస్‌కు ఆకుపచ్చ వేస్తూ, అక్కడ ఎందుకు ఉద్యోగం రాలేదా అని కాసేపు బాధపడ్డాను కూడా. పెళ్ళినాటి ఫోటోల్లో ఆమె ముఖం ఎలా ఉంటుందో ఆ సమయంలో నాకు గుర్తు రాలేదు. ఇప్పుడు గుర్తొస్తోంది. ఇది అర్జీకి సంబంధం లేని సంగతి.

5. ఇండియా గడికి ఆకుపచ్చ వేయించినవారు మా మేనమామ కృష్ణమూర్తి గారు. నేరం ఆయన మీదికి నెట్టడానికి ఇది రాయడం లేదు. ఆయన ఫోనులో అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు మనవి చేస్తున్నాను.

“ఒరే జానకీ, అక్కడ వేశావంటే ఆ దొరల కోర్టు నిన్ను ముసలాడివయ్యేదాకా తిప్పుద్దిరా. పెళ్ళి ఇక్కడేగా అయింది, ఇక్కడే వేద్దాం. పవరాఫటార్నీ నా పేర పంపు. మిగతాదంతా నే చూసుకుంటా. ఆ పిల్ల రాదు, అడగదు. అడిగినోళ్ళకేగా భరణం? అడక్కపోతే కోర్టోళ్ళు వాళ్ళంతట వాళ్ళు పిలిచిస్తారేంటి?”

“రాదని ఎలా చెప్తావు మావయ్యా?”

“తెలిస్తేగా రావడానికి!”

అప్పుడు నేను ఫోను పెట్టేయవలసినది. పెట్టలేదు. “పేపర్లు ఏమేం కావాలి?” అని అడిగాను.

6. పిటిషన్‌లో ప్రతివాది చిరునామా కింద తెనాలిలోని తిరుపతయ్య గారి ఇల్లు చూపబడినది. తిరుపతయ్య గారు గతించిన తర్వాత మా అత్తగారు బెంగుళూరులో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఇల్లు తాళం వేసి ఉన్నది. ఈ సంగతి నాకు తెలుసు. నా భార్య నేవన్‌లో ఏ వీధిలో, ఏ రంగు తలుపు ఉన్న ఇంట్లో ఉంటుందో కూడా తెలుసు. శనివారం విడిచి శనివారం ఆ తలుపు కొడతాను. అయినను పిటిషన్ కింద ‘పై వివరములన్నియు నాకు తెలిసినంతవరకు సత్యములు’ అని సంతకం చేశాను.

కోర్టు సమన్లు రెండుసార్లు వెళ్ళి, తలుపు తాళం వేసి ఉందని వెనక్కి వచ్చాయి. మూడోసారి నిబంధనల ప్రకారం తలుపుకు అంటించారు. మా మావయ్య దానిని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపి, కింద బొటనవేలు బొమ్మ పెట్టాడు. నేను ఆ ఫోటోను పెద్దది చేసి చూశాను. నీలం రంగు తలుపు. పక్కన గోడకు ఒక మేకు. తిరుపతయ్య గారు సాయంత్రం తాలూకాఫీసు నుంచి వచ్చి తన కాగితాల సంచి ఆ మేకుకు తగిలించేవారు. పరాయివాళ్ళ కాగితాలను జీవితమంతా ఆఫీసు లోపలికి చేర్చిన మనిషి ఆయన. ఆయన గుమ్మానికి ఎవరూ చదవకుండా ఉండాలని ఒక కాగితం అంటించాము.

నా భార్యకు తెలుగు కాగితం చదవడం రాదన్నట్టు, ఆమెకు ఇల్లూ వాకిలీ ఎక్కడా లేనట్టు, కోర్టులో ఆమెను పిలిచారు. పలకలేదని రాసుకున్నారు. వచ్చే నెల పంతొమ్మిదో తేదీన ఏకపక్షంగా నా సాక్ష్యం తీసుకుంటారు. ఆమె లేకుండానే విడాకులు మంజూరవుతాయి. ఇది ఆపవలసి ఉన్నది.

7. ఇంకొక సంగతి దాచితే అర్జీ అసంపూర్తి అవుతుంది. నా స్థిర నివాసం తెనాలి అనీ, ఐర్లండ్‌లో కేవలం ఉద్యోగ నిమిత్తం ఉంటున్నాననీ, తిరిగి స్వదేశం వచ్చేస్తాననీ కోర్టుకు అఫిడవిట్ ఇచ్చాను. అలా ఇస్తే ఇక్కడ కూడా ఆ విడాకులు చెల్లడానికి వీలుంటుందని ఎక్కడో చదివాను. సరిగ్గా అదే వారం ఐర్లండ్ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకున్నాను. అందులో ఇకమీదట ఈ దేశంలోనే ఉండిపోవాలని నా ఉద్దేశమని ప్రమాణపూర్వకంగా రాసి ఇచ్చాను. సంతకం చూసి ముద్ర వేసిన లూకన్ పెద్దాయన కళ్ళద్దాల పైనుంచి చూసి, “సో యూ లైక్ ఇట్ హియర్?” అన్నాడు. “ఇట్స్ గ్రాండ్” అన్నాను. నేను ఎక్కడివాణ్ణో రెండు ప్రభుత్వాలకు రెండు రకాలుగా చెప్పాను. భార్యకు మాత్రం ఏమీ చెప్పలేదు.

8. పొడి గురించి.

శనివారం విడిచి శనివారం నేను నేవన్ వెళ్ళి పాపను లూకన్ తీసుకువచ్చి, ఆదివారం దింపుతాను. దింపిన ప్రతిసారీ నా భార్య ఒక డబ్బా ఇస్తుంది. కందిపొడి, లేకపోతే కరివేపాకు పొడి. సమన్లు అంటించిన ఫోటో వచ్చిన ఆదివారం కూడా ఇచ్చింది. “ఈసారి కారం తగ్గించానండీ, మీకు కడుపులో మంట అన్నారుగా” అంది. ఆ మంట దేనివల్లనో ఆమెకు తెలియదు.

అయ్యా, ఒక మనిషి మీద కోర్టులో కేసు నడుపుతూ ఆ మనిషి చేసిన పొడితో అన్నం తినడం ఏ సెక్షను కింద నేరమో తమరు చెప్పగలరా? ఏదో ఒక సెక్షను ఉండకపోదు. నేను తినడం మానలేదు. అది ఇంకా పెద్ద సంగతి.

9. ఆమెకు నోటితో చెప్పేయవచ్చు కదా అని తమరు అడగవచ్చు. ప్రయత్నించాను. ఒకసారి నేవన్‌లో ఇంటి ముందు కారు దగ్గర, “కిరణ్, నీతో ఒక మాట చెప్పాలి” అన్నాను. ఆమె డ్యూటీ యూనిఫాంలో ఉన్నది. వంగి నా కారు చక్రం వైపు చూసి, “చెప్పండి గానీ, ఇందులో గాలి లేదు చూసుకున్నారా? పాపని ఇలా హైవే మీద తీసుకొచ్చారా?” అంది. నేను వెళ్ళి గాలి కొట్టించుకున్నాను. అంతటితో ఆ ప్రయత్నం ముగిసినది.

ఇంకొకసారి ఫోను చేస్తే దేవమణి గారు ఎత్తారు.

“అమ్మాయి డ్యూటీకి పోయింది బాబూ. నువ్వేందో చెప్పాలని వస్తన్నావు, చెప్పకుండా పోతన్నావు. నేను చూస్తానే ఉన్నాగా. మంచిదైతే చెప్పు. చెడ్డదైతే తొందరగా చెప్పు. ఆ పిల్ల జీపీ డాక్టరు దగ్గరికి పోయినా సరే, ఆసుపత్రికి పోయినా సరే, ఎవురన్నా ఎమర్జెన్సీకి నెంబరు అడిగితే నీ నెంబరే రాస్తంది, తెలుసా నీకు?”

తెలియదని చెప్పాను.

మల్లేశ్‌కు చెప్పాను. ఫ్రెండు కాదు, నేనేనని. అతను టీ కప్పు కింద పెట్టి, “అన్నా, నేను ముచ్చట చెప్పిన గని గిట్ల చేయమన్ననా? అక్కకు ఎరుక లేకుండనా?” అని లేచి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి వేరే బల్ల దగ్గర కూర్చుంటున్నాడు.

10. కేసు వెనక్కి తీసుకుంటే సరిపోతుంది కదా అని కూడా తమరికి తోచవచ్చు. చాలా సమంజసమైన మాట. కేసు వెనక్కి తీసుకోవాలంటే మావయ్యకు చెప్పాలి. ఆయన ఈపాటికి సగం తెనాలికి చెప్పి ఉంటారు. మా అమ్మకు చెప్పాలి. అమ్మ నా చేతగానితనం మీద ఒక పూటంతా మాట్లాడుతుంది, అదంతా నిజమే అయి ఉంటుంది. కేసు ఓడిపోతే మాత్రం ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేదు. కోర్టు అలా అన్నది అంటే సరిపోతుంది. కావున అర్జీదారు పిరికివాడని తమరు రికార్డు చేసుకొనవచ్చును. అభ్యంతరం లేదు.

కాపురం మళ్ళీ నిలబడుతుందని ఆశతో ఇది రాస్తున్నానని మాత్రం భావించవద్దు. మేము మంచిగా విడిపోతామేమో, విడిపోవడమే ఆమెకు మంచిదేమో నాకు తెలియదు. ఆమె పేరు పిలిచినప్పుడు ఆమె అక్కడ ఉండాలి. తనకు ఏం రావాలో తన నోటితో అడగాలి. ఏ దేశం చట్టం ఆమెకు మేలో అది కూడా ఆమే చూసుకోవాలి. పట్టిక వేసే హక్కు నా ఒక్కడికే లేదు.

11. తమ సంస్థ వారు ఆడవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారని తెలిసినది. కావున తమరు దయతో

అ) ప్రతివాది తరఫున గట్టి న్యాయవాదిని, వీలైతే మా మావయ్యను ఎరగనివారిని నియమించవలెనని,

ఆ) ప్రతివాది సరైన చిరునామాను కోర్టువారికి తెలియపరచి, ఏకపక్షంగా విచారణ జరగకుండా చూడవలెనని,

ఇ) ఈ సంగతి తమకు తెలిపినది నేనేనని మా వాళ్ళకు తెలియనివ్వకూడదని

ప్రార్థించుచున్నాను. పై పదకొండు అంశాలను తమరు ఓపికతో చిత్తగించి, నేను గెలవకుండా కాపాడవలెను.

ఇట్లు,
తమ విధేయుడు, ప్రతివాదికి విధేయుడు కాలేకపోయినవాడు,
వేమూరి జానకిరామ్

తా.క. ఆదివారం, నేవన్ నుంచి వచ్చిన తర్వాత రాస్తున్నది.

అర్జీ పోస్టు చేయబోతూ మొదటినుంచి చదువుకుంటే ఎన్నో తప్పులు కనిపించాయి. ఇలాంటి తప్పులతో ఆఫీసుకు పంపితే ఎవరూ పట్టించుకోరని భయం వేసింది. తెలుగు దిద్దేవారు ఈ దేశంలో నాకు తెలిసి ఒక్కరే ఉన్నారు. చెప్పడానికి నాకు చేతనైన దారి కూడా అదొక్కటేనని అప్పుడు తట్టింది.

నేను వెళ్ళేసరికి దేవమణి గారు చర్చి నుంచి ఇంకా రాలేదు. పాప పెరట్లో ఆడుకుంటోంది. కిరణ్మయి తను చెప్పే పిల్లల తెలుగు క్లాసు పుస్తకాలు ముందేసుకుని ఎర్ర పెన్నుతో దిద్దుతోంది. ఖాళీ పొడి డబ్బా బల్ల మీద పెట్టి, “ఒక అర్జీ రాశాను. తప్పులు దిద్దుతావా?” అన్నాను.

“మళ్ళీ కరెంటు మీటరేనా?” అని నవ్వుతూ అందుకుంది. మొదట తారీఖు చూసింది. తర్వాత విషయం చూసింది. నవ్వు ఆగింది. పెన్ను మాత్రం ఆపలేదు. ఒకటో అంశంలో రెండు దీర్ఘాలు దిద్దింది. తండ్రిగారి పేరు దగ్గర అక్షరం సరి చేసింది. రెండో అంశంలో, మూడో అంశంలో కూడా దిద్దింది. ఆరో అంశం దగ్గర పెన్ను కింద పెట్టేసింది. అటు తర్వాత పేజీలలో తప్పులు దిద్దబడలేదు. తమరు గమనించగలరు.

చివరిదాకా చదివింది. నేను నిలబడే ఉన్నాను.

“మా నాన్న తలుపు మీద అంటించారా?” అంది.

“అంటించారు.”

“అది నాన్న పోయే ముందటేడు తనే రంగేసుకున్న తలుపండీ.”

ఈసారి నేను ‘ఊఁ’ కూడా అనలేదు. ఆమె కళ్ళు తుడుచుకోలేదు, ఎందుకంటే ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంచెం సులువుగా ఉండేది. ఆ సులువు ఆమె నాకు ఇవ్వలేదు.

“పట్టికలో ఐర్లండ్‌కి ఏం రంగు వేశారన్నారు?”

“ఎరుపు.”

“అయితే నా కేసు నేను ఇక్కడే వేస్తాను” అంది. “తెనాలికి కూడా వస్తాను. రావడానికి సెలవు పెట్టుకోవాలి, తారీఖు ముందే చెప్పి ఉంటే బాగుండేది.”

తర్వాత పెన్ను మళ్ళీ తీసి పదకొండో అంశం మీద పెట్టింది. “ఒక అర్జీలో ఒక్కటే అడగాలని నాన్న ఎన్నిసార్లు చెప్పాడు మీకు?” అని, ‘అ’ కొట్టేసింది. “లాయర్ని నేను చూసుకుంటాను.” ‘ఇ’ కూడా కొట్టేసింది. “మీ వాళ్ళకి మీరు చెప్పుకోండి. అది ఆఫీసరు గారి పని కాదు.” పైకి వచ్చి, విషయం మొత్తం అడ్డంగా కొట్టి, పక్కన తన చేత్తో ‘ప్రతివాది సరైన చిరునామా తెలియజేయుట గురించి’ అని రాసింది. దాని కింద ఇంటి నంబరు, వీధి, నేవన్, మీథ్ కౌంటీ, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసింది. “ఇది చాలు. ఇలాగే పంపండి” అంది.

శుభ్రంగా తిరగరాసి పంపవచ్చు. కాని ఆ ఎర్ర గీతలు తమరు చూడవలసినవి అనిపించి ఉన్నది ఉన్నట్టు జతపరుస్తున్నాను. వచ్చే దారిలో కారు పక్కన ఆపి మావయ్యకు ఫోను చేసి, పవరాఫటార్నీ రద్దు చేస్తున్నానని చెప్పాను. ఆయన అన్న మాటలు అర్జీలో రాయదగినవి కావు. అమ్మకు ఇంకా చెప్పలేదు. రేపు చెబుతాను.

నేను లేచి వచ్చేస్తుంటే కిరణ్మయి ఖాళీ డబ్బాను సింకులో కడిగి, గుడ్డతో తుడిచి, నేను స్క్రూలు బిగించిన ప్రెస్సులో పెట్టి తలుపు వేసింది. సుధేష్ణ పెరట్లోనుంచి కారు దాకా పరుగెత్తుకొచ్చి, నా చేతుల వైపు చూసి, “డాడ్, యూ ఫర్గాట్ యువర్ పొడి” అంది.

మరిచిపోలేదమ్మా అని చెప్పి బయలుదేరాను.